డాక్టర్ సలహా: షుగర్, బీపీ ఉన్నాయి... ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కు వెళ్లొచ్చా?

ప్రశ్న: నా వయసు 51. షుగర్, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్, టెల్మిసార్టాన్-హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతున్నాను. అక్టోబరులో స్నేహితులతో నేపాల్ వెళ్తున్నాం. ఖాట్మండులో మూడు రోజులు పశుపతినాథ్, భక్తపూర్ చూసి, లుక్లా నుంచి ఆరు రోజుల్లో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ చేరాలని ప్లాన్. రోజూ ఎంత నడక ప్రాక్టీసు చేయాలి? ప్రొటీన్ పౌడర్ తీసుకెళ్లాలా? డయామాక్స్, నిద్రమాత్రలు మా ఫ్రెండ్ తెస్తానన్నారు. ఒకప్పుడు సల్ఫా మాత్రలకు నాకు దద్దుర్లు వచ్చాయి.
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వారానికి ఐదు రోజులు గంటసేపు నడవండి. రెండు రోజులు ఐదారు కిలోల బ్యాగుతో మెట్లెక్కండి. పౌడర్ అక్కర్లేదు, దారిలో లాడ్జీల్లో పప్పన్నం దొరుకుతుంది. నాకు కంగారు పుట్టించినవి వేరే: ఆ ఆరు రోజుల ప్లాను, ఫ్రెండ్ తెచ్చే మాత్రలు.

ఎంత బాగా నడిచేవారికైనా ఎత్తు జబ్బు రావచ్చు. లుక్లా 2,860 మీటర్లు, నామ్చే 3,440, డింగ్‌బోచే 4,410, లోబుచే 4,940, బేస్ క్యాంప్ 5,364. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగాలి. ఆరు రోజుల్లో అందుకు చోటే లేదు. నామ్చేలో రెండు, డింగ్‌బోచేలో రెండు రాత్రులు ఉండండి. వాతావరణం బాగోక లుక్లా విమానాలు తరచూ ఆగుతాయి. అలా పోయిన రోజును విశ్రాంతి రోజులో కోత పెట్టి సర్దుతారు, అసలు తంటా అక్కడే. కాబట్టి ఖాట్మండు గుళ్లు, భక్తపూర్ ట్రెక్ అయ్యాక పెట్టుకోండి. రోజులు తగ్గితే అక్కడ తగ్గించుకోవచ్చు.

ఇక మాత్రలు. డయామాక్స్ అంటే అసెటజోలమైడ్. ఎత్తు జబ్బు నివారణకు మామూలుగా 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఎత్తెక్కడానికి ముందురోజు నుంచి ఇస్తాం. ఇది కూడా సల్ఫా తరహా మందే. దద్దుర్లు వచ్చిన ప్రతివారికీ పడదని కాదు, కానీ అప్పుడు నోట్లో పుళ్లు, ముఖం వాపు, ఆయాసం కూడా వచ్చాయా అన్నది తెలియకుండా రాయకూడదు. పైగా మీ బీపీ మాత్రలో మూత్రం ఎక్కువగా పోయించే మందు ఇప్పటికే ఉంది. రెండూ కలిస్తే ఒంట్లో నీరు, పొటాషియం పడిపోవచ్చు. మీరు వాడే షుగర్ మాత్ర డపాగ్లిఫ్లోజిన్‌తో ఇంకో చిక్కు: వాంతులై తిండి సహించనప్పుడు, మీటర్‌లో షుగర్ మరీ ఎక్కువ చూపకపోయినా కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకుపోవడం) రావచ్చు. అప్పుడూ వికారం, నీరసం, ఆయాసమే కనిపిస్తాయి కాబట్టి ఎత్తు వల్లేలే అని వదిలేస్తారు. ట్రెక్‌కు ముందే దాన్ని ఆపాలా అన్నది మీ డాక్టరే నిర్ణయించాలి, మీరుగా ఆపొద్దు. నిద్రమాత్రలు మాత్రం వద్దే వద్దు. చాలా రకాలు శ్వాసను మందగింపజేస్తాయి.

తలనొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు. వేసుకుని పైకి ఎక్కడమే తప్పు. తలనొప్పితో పాటు వికారమో, కళ్లు తిరగడమో ఉంటే ఆ రోజు ఎక్కొద్దు. ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి గీత మీద నడవలేకపోయినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, రాత్రయినా సరే, తోడుతో వెంటనే కిందికి దిగాలి. మాత్ర పనిచేస్తుందేమో చూద్దామని ఆగొద్దు. డింగ్‌బోచే దగ్గర్లోని ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ ట్రెకింగ్ సీజన్‌లో తెరిచి ఉంటుంది. హెలికాప్టర్ తరలింపు, ఆరు వేల మీటర్ల వరకు కవరేజీ బీమాలో ఉన్నాయో లేదో చదివి చూసుకోండి.

టికెట్లు కొనకముందే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), పొటాషియం, ఈసీజీ చేయించి ఫిజీషియన్‌ను కలవండి. అవసరమనిపిస్తే ట్రెడ్‌మిల్ పరీక్ష చెబుతారు. రెటీనా కూడా చూపించుకోండి. మిమ్మల్ని పరీక్షించకుండా వెళ్లొచ్చనో, వద్దనో నేను ఇక్కడ చెప్పలేను. డయామాక్స్ సంగతి కూడా ఆయన్నే అడగండి, ఫ్రెండ్‌ను కాదు.