అడుగు చప్పుడు కాని బూట్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అయ్యా, నేను టెక్సాస్‌లో డాలస్‌కు దగ్గరలో ఉంటున్నాను. వేట శిక్షణ పూర్తి చేసి, లైసెన్సు తీసుకుని, రెండేళ్లుగా ఆఫీసు మిత్రులతో కలిసి హిల్ కంట్రీ అనే కొండ ప్రాంతంలోని ఒక ప్రైవేటు స్థలంలో చుక్కల జింకల వేటకు వెళ్తున్నాను. మాటు మీద కూర్చున్నప్పుడు ఇబ్బంది లేదు గాని, కాలినడకన దగ్గరకు చేరాలని ప్రయత్నించిన ప్రతిసారీ నూరు గజాల దూరంలో ఉండగానే మంద మొత్తం తలెత్తి చూసి పారిపోతున్నది. నా బూట్లు ఖరీదైనవే. మందపాటి సోలు, చీలమండను బిగించి పట్టే గట్టి తోలు. సాయంత్రానికి చిటికెనవేలి పక్కన బొబ్బలు కూడా లేస్తున్నాయి. చప్పుడు కాకుండా, కాలికి హాయిగా ఉండే బూట్లను ఎలా ఎంచుకోవాలో చెప్పగలరు.
(ఒక పాఠకుడు, ఫ్రిస్కో)

జవాబు: మీరు రెండు బాధలు చెప్పుకున్నారు గాని వాటి మూలం ఒక్కటే. ఆ బూటు మీ పాదం కోసం కాక కొండలెక్కడం కోసం తయారైంది. ఎండుపుల్ల మీద కాలు మోపగానే అది విరిగిపోదు. ఒంటి బరువు వెనుక కాలి నుంచి ముందు కాలికి మారే ఆ అరక్షణంలో విరుగుతుంది. సోలు పలుచగా ఉంటే ఆ పుల్ల ముందుగా అరికాలికి తగులుతుంది, మీరు బరువు మోపకుండానే పాదాన్ని ఎత్తి పక్కన పెట్టుకుంటారు. మీ బూట్లలో మాత్రం పుల్ల ఉన్న సంగతి మీకూ జింకకూ ఒకేసారి తెలుస్తున్నది.

మీరు వెంబడిస్తున్న జింక మనదేనన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1932 ప్రాంతంలో టెక్సాస్‌కు చేర్చిన చుక్కల దుప్పుల సంతతే ఇప్పుడు ఆ కొండల్లో మందలుగా తిరుగుతున్నది. పుట్టినచోట పులికీ, చిరుతకూ, రేచుకుక్కలకూ చిక్కకుండా బతకడానికి అలవడిన చెవులు, ఇక్కడ పులి లేకపోయినా, వాటితోనే వచ్చాయి. ఒక్కటి అనుమానపడి అరిచిందంటే మంద మొత్తం ఆ అరుపును నమ్ముతుంది. అమెరికాలోని తెల్లతోక జింకల వినికిడిని పరీక్షించినవారు, అవి 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య శబ్దాలను బాగా పట్టుకుంటాయని తేల్చారు. దుప్పి చెవి కూడా అటువంటిదేనని అనుకుని నడుచుకోవడం మంచిది. పుల్ల ఫటుక్కుమనడం, నైలాను బట్టకు కొమ్మ రాసుకోవడం, లేసుల కొక్కేనికి రాయి తగలడం వంటి పదునైన చప్పుళ్లే మనను పట్టిస్తాయి. మట్టి మీద మెత్తగా పడిన అడుగును, ఆ అడవిలో తిరిగే ఆవుల అడుగులాగే, అవి చాలాసార్లు పట్టించుకోకుండా వదిలేస్తాయి.

ఇక సోలు సంగతి. ఇటలీకి చెందిన పర్వతారోహకుడు విటాలే బ్రామాని, 1935లో ఆల్ప్స్ పర్వతాల్లో ఆరుగురు సహచరులను పోగొట్టుకున్న తరువాత, రాతి మీద జారని సోలు కోసం ప్రయత్నించి, 1937లో లోతైన గాడులున్న రబ్బరు సోలును రూపొందించాడు. మీ బూట్ల కింద ఉన్నది బహుశా ఆ వంశానికి చెందినదే. అది ప్రాణాలు నిలిపే సోలు, సందేహం లేదు. అయితే దాన్ని చేసింది పట్టు కోసమే గాని నిశ్శబ్దం కోసం కాదు. హిల్ కంట్రీ నేల సున్నపురాతి పలకలతో, గులకతో నిండి ఉంటుంది. లోతు గాడుల్లో ఇరుక్కున్న గులకరాయి ప్రతి అడుగుకూ పలక మీద గీసుకుంటుంది, పైగా విడిగా దిగిన ఎత్తు మడమ రాతికి తగిలి టక్కుమంటుంది. గాడులు లోతు లేకుండా, మడమ దగ్గర మెట్టు లేకుండా, వెనుక నుంచి ముందుకు ఒకే వాలుగా సాగే మెత్తని రబ్బరు సోలు ఆ నేలకు తగినది. శుద్ధమైన క్రేపు రబ్బరు అన్నిటికంటే నిశ్శబ్దంగా ఉంటుంది గాని, వాన పడిన బంకమట్టి మీద అది మనిషిని నిలబడనివ్వదు. అందుకని పల్చటి గాడులున్న మెత్తని రబ్బరునే నేను ఎంచుకుంటాను.

దుకాణంలో మూడు పరీక్షలు చేయండి. బూటు మునివేళ్లనూ మడమనూ రెండు చేతులతో పట్టుకుని వంచితే అది వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి. నడిమధ్య మడతపడితే కాలు త్వరగా అలసిపోతుంది, ఎక్కడా వంగకపోతే మీ పాత బూట్ల కథే మళ్లీ మొదలవుతుంది. తరువాత తొడుక్కుని, నేల మీద ఒక పెన్సిలు పెట్టి దాని మీద మెల్లగా కాలు ఆనించండి. పెన్సిలు ఎక్కడుందో కళ్లు మూసుకున్నా తెలియాలి, కాని నొప్పి పుట్టకూడదు. చివరగా బూటు పైభాగం మీద గోరుతో గీకి చెవి దగ్గర పెట్టుకుని వినండి. తుప్పల్లో నడిచేటప్పుడు జింకకు వినిపించేది ఆ చప్పుడే. గరుకు తోలు, స్వెడ్ తోలు దాదాపు మూగగా ఉంటాయి. మెరిసే నైలాను మాత్రం బుసకొడుతుంది. దుకాణదారు మీ వంక వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

పలుచని సోలు మంచిదన్నాను కదా అని మరీ చెప్పులంత పలుచన చేసుకోకండి. అక్కడి మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం, దాని ముల్లు పలుచని రబ్బరును సూదిలా దాటుతుంది. నాగజెముడు పొదలు అడుగడుగునా ఉంటాయి, మనకు తెలిసిన పల్లేరు కూడా అక్కడ గోట్‌హెడ్ అనే పేరుతో పెరుగుతుంది. చివరి యాభై గజాలు బూట్లు విప్పి మందపాటి ఉన్ని మేజోళ్లతో నడిచే పద్ధతి అమెరికా పడమటి కొండల్లో విల్లు వేటగాళ్లకు అలవాటే గాని, టెక్సాస్‌లో దాన్ని అనుకరించి నేను ఒక మధ్యాహ్నమంతా పట్టకారుతో ముళ్లు తీసుకుంటూ కూర్చున్నాను. అంతకంటే, బూట్ల మీదుగా తొడుక్కోగలిగేంత వదులైన పాత ఉన్ని మేజోళ్ల జత ఒకటి సంచిలో ఉంచుకుని, రాతి పలకల మీద నడవవలసి వచ్చినప్పుడు వాడుకోవడం మేలు. ఎండకాలంలో గడ్డి దట్టంగా ఉన్నచోట గిలకపాముల భయం ఉంటుంది కనుక, కొంత చప్పుడైనా సరే, పిక్కల దాకా వచ్చే పాము తొడుగులు వేసుకోండి. అక్కడ జింక తప్పించుకున్నా నష్టం లేదు.

బొబ్బల విషయానికి వస్తే, మనలో చాలామందికి చిన్నప్పటి నుంచి వట్టి కాళ్లతోనూ చెప్పులతోనూ తిరిగిన పాదాలు. వేళ్లు విచ్చుకుని ముందుభాగం వెడల్పుగా ఉంటుంది. అమెరికాలో మగవారి బూట్లకు మామూలు వెడల్పును డి అంటారు, దానికంటే వెడల్పైనది ఇఇ. వెడల్పు చాలకపోతే పొడవు పెంచి కొనుక్కోవడం మనవాళ్లు చేసే పొరపాటు. అప్పుడు మడమ లోపల పైకీ కిందికీ జారుతుంది, జారిన ప్రతిసారీ తోలు కిర్రుమంటుంది, చర్మం కూడా లేస్తుంది. ఇండియాలో వాడే కొలత బ్రిటన్ కొలత కనుక, మగవారికి అక్కడి 8 ఇక్కడ సుమారుగా 9 అవుతుందన్నది కూడా గుర్తుపెట్టుకోండి. పాదాలు కొద్దిగా ఉబ్బి ఉండే సాయంత్రం వేళ, వేటకు వేసుకునే మేజోళ్లతోనే వెళ్లి, రెండు పాదాల పొడవూ వెడల్పూ కొలిపించి, పెద్ద పాదానికి సరిపడా తీసుకోండి. వాలుబల్ల మీద దిగి చూసినప్పుడు వేళ్లు ముందుకు పోయి తగలకూడదు. నూలు మేజోళ్లు చెమటను పట్టి ఉంచి చర్మాన్ని నానబెడతాయి, మెరినో ఉన్నివి కొనుక్కోండి. కొత్త బూట్లతో తిన్నగా వేటకు పోకుండా, రెండు మూడు వారాలు ఇంటి చుట్టుపక్కల నడిచి లొంగదీసుకోండి.

ఇంత చేసినా నడక మారకపోతే బూటు ఏమీ చేయలేదు. పాదం బయటి అంచును ముందు ఆనించి, లోపలికి దొర్లించి, కింద ఏమీ లేదని తెలిశాకే బరువు మోపాలి. అడుగులు పొట్టిగా ఉండాలి. రెండు మూడు అడుగులు వేసి ఆగి, నడిచిన దానికంటే ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే ఒకే తాళంలో పడే అడుగులు మనిషివని జింకకు తెలుసు. గాలి విసిరి ఆకులు గలగలమన్నప్పుడే కదలండి. ఆ కొండల్లో సీడర్ అని పిలిచే చెట్ల కింద రాలిన ఆకు పొడి పరుపులా మెత్తగా ఉంటుంది, లైవ్ ఓక్ చెట్ల కింది ఎండాకు అప్పడంలా పగులుతుంది. కాస్త చుట్టు తిరిగైనా మొదటిదాని కిందుగానే వెళ్లండి.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను, సెలవుల్లో అమ్రాబాద్ వైపు వెళ్లి జింకలను, పక్షులను ఫోటోలు తీస్తుంటాను. వేటగాళ్ల బూట్లు నాకు పనికివస్తాయా? మా తాతగారి కాలంలో వేటకు ఏం తొడుక్కునేవారో కూడా తెలుసుకోవాలని ఉంది.
(ఒక పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం కనుక ఆ సంగతి అటుంచి, కెమెరా పట్టుకుని పొంచి నడిచేవారికి పైన చెప్పిన సూత్రాలన్నీ వర్తిస్తాయి. పులుల అభయారణ్యంలో అటవీశాఖ అనుమతించిన చోట్ల, వారు పంపే మనిషి వెంటే కాలినడకన తిరగాలని వేరే చెప్పనక్కరలేదు. ఆ మనిషి చెంచు అయితే కళ్లు అతని పాదాల మీద పెట్టండి. వట్టి కాళ్లతోనో అరిగిన చెప్పులతోనో ఎండు టేకాకుల మధ్య అతను ఎక్కడ కాలు పెడుతున్నాడో చూసి అక్కడే మీరూ పెడితే, ఏ బూటూ నేర్పలేనిది ఒక పూటలో వస్తుంది.

మీకు విదేశీ బూట్లు అక్కరలేదు. చీలమండ దాకా వచ్చే, రబ్బరు సోలున్న కాన్వాసు బూట్లు ఎండిన అడవిలో చక్కగా పనిచేస్తాయి; చవక, తేలిక, తడిసినా మర్నాటికి ఆరిపోతాయి. హవాయి చెప్పులు మడమకు టపటపా కొట్టుకుంటాయి కాబట్టి వద్దు, రక్తపింజర తిరిగే నేల మీద అవి ప్రమాదం కూడా. మీ తాతగారి సంగతి తెలియదు గాని, ఆ తరంలో కిర్రు చెప్పులు హోదాకు గుర్తు. ఆసామి వస్తున్నాడని వీధి మొదట్లోనే తెలియాలని ప్రత్యేకంగా చెప్పి కుట్టించుకునేవారు. వాటితో అడవికి వెళ్లినవారెవరైనా ఉంటే ఖాళీ చేతులతోనే తిరిగివచ్చి ఉంటారు.

ప్రశ్న: పెన్సిల్వేనియాలో నవంబరు చివర తుపాకి సీజను మొదలయ్యేసరికి తడి, మంచు రెండూ ఉంటున్నాయి. నీరు చొరని బూట్లు వేసుకుంటే నడిచినప్పుడల్లా లోపల కిచకిచమంటున్నాయి. ఏం చేయాలి?
(ఒక పాఠకురాలు, పిట్స్‌బర్గ్)

జవాబు: అమ్మా, మీ సమస్య పాతదే. మెయిన్ రాష్ట్రంలో లియాన్ లియన్‌వుడ్ బీన్ అనే ఆయన వేటలో తడిసిన కాళ్లతో విసిగి, 1912లో కింద రబ్బరు, పైన మెత్తని తోలు కలిపి కుట్టిన వేట బూట్లు అమ్మకానికి పెట్టాడు. మొదటి నూరు జతల్లో తొంభై జతలు కుట్టు విడిపోయి తిరిగి వస్తే, ఆయన డబ్బు వాపసు ఇచ్చి, లోపం సరిచేసి మళ్లీ చేశాడు. ఆ రకం బూట్లే తడి ఆకుల మీద నడవడానికి ఈనాటికీ నాకు నచ్చుతాయి, ఎందుకంటే రబ్బరు నీటిని ఆపుతుంది, పైనున్న తోలు కాలితో పాటు వంగుతుంది. మోకాలి దాకా వచ్చే వట్టి రబ్బరు బూట్లయితే పిక్కకు కొట్టుకుని చప్పుడు చేస్తాయి, లోపల చెమట పోస్తుంది. బూటు లోపల చలిని ఆపే పొర మందం కూడా చూసుకోండి, దాన్ని గ్రాముల్లో చెబుతారు. మాటు మీద గంటలు గంటలు కూర్చునేవారికి 800 గ్రాముల పొర ఉన్న బూట్లు పనికివస్తాయి గాని నడిచేవారికి 200 నుంచి 400 చాలు. ఒకటి మాత్రం ముందే చెప్పాలి: పైన పొర గడ్డకట్టిన మంచు మీద ఏ బూటూ మౌనంగా ఉండదు, ఆ రోజు మాటు మీద కూర్చోవడమే మంచిది.

కిచకిచ ఎక్కడి నుంచి వస్తున్నదో ముందు కనిపెట్టండి. లోపలి అట్ట తీసేసి నాలుగు అడుగులు వేస్తే చప్పుడు ఆగిపోయిందంటే, ఆ అట్టకూ సోలుకూ మధ్య తడి చేరి రాసుకుంటున్నదని అర్థం. రెంటినీ నీడలో బాగా ఆరబెట్టి, అట్ట కింద కొద్దిగా టాల్కం పౌడరు చల్లి తిరిగి పెట్టండి. అప్పటికీ ఆగకపోతే నాలుక మడత దగ్గర తోలు ఎండిపోయి ఉంటుంది, అక్కడ తోలు మైనం రెండు పూటలు పట్టించండి. కుంపటి దగ్గరో హీటరు మీదో మాత్రం ఆరబెట్టకండి, తోలు బిర్రబిగిసి ఇంకా గట్టిగా అరుస్తుంది. లేసులు రెండు ముళ్లు వేసి కొసలను లోపలికి దోపుకోండి, లేకపోతే వాటి చివర ఉండే ప్లాస్టిక్ గొట్టాలు నడిచినంతసేపూ బూటుకు తగిలి టిక్కుటిక్కుమంటూనే ఉంటాయి.