పాఠకుల ప్రశ్నలు: నగరం బరువు పక్క ఊళ్లో దింపితే తగ్గుతుందా?

ప్రశ్న: బీజింగ్‌లో జనం కిక్కిరిసిపోయారని, పక్కనున్న తియాంజిన్‌నీ హెబెయ్ రాష్ట్రాన్నీ కలిపి ఒకే నగర సమూహంగా పెంచుతున్నారని చదివాను. చైనా వాళ్లు అనుకుంటే చేసేస్తారు కదా, మరి బీజింగ్ కష్టాలు తీరాయా? మన దగ్గరా అలా చేస్తే ట్రాఫిక్ తగ్గుతుందని మా ఆఫీసులో ఒకటే వాదన. - ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఆఫీసు వాదన సగం వరకూ నిజమే. బీజింగ్ కష్టాల్లో కొన్ని తగ్గాయి, కొన్ని పక్క ఊరికి కాపురం మార్చాయి, కొన్ని ఎక్కడివక్కడే ఉన్నాయి.

తగ్గిన వాటిలో ముందు చెప్పాల్సింది గాలి. బీజింగ్‌లో ఎన్ని ఫ్యాక్టరీలు మూసినా పక్కన హెబెయ్‌లో ఉక్కు కొలుములు, బొగ్గు పొయ్యిలు మండుతున్నంత కాలం ఆ పొగ వచ్చి బీజింగ్ నెత్తి మీదే కూర్చునేది. అందుకే 2017లో బీజింగ్, తియాంజిన్‌లతో పాటు చుట్టుపక్కల రాష్ట్రాల్లోని మరో 26 నగరాలను ఒకే లెక్కలోకి తెచ్చి రూల్స్ పెట్టారు, పల్లెల్లో బొగ్గు పొయ్యిలు తీసేసి గ్యాస్ పెట్టించారు. 2013లో ఘనపు మీటరుకు 89.5 మైక్రోగ్రాములున్న బీజింగ్ పీఎం 2.5 (గాలిలోని అతి సన్నటి ధూళి) సగటు, 2022కి 30కి దిగింది. ఒక్క ఊరి మున్సిపాలిటీ చేయగలిగే పని కాదిది. అయితే ఆ మొదటి చలికాలం గ్యాస్ చాలక హెబెయ్ పల్లెలు వణికిపోయాయి, ఒకచోట బడి లోపల హీటర్లు పనిచేయక పిల్లల్ని బయట ఎండలో కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. అది వేరే కథ అందామనుకున్నాను గానీ, కాదు, ఇదే కథ. నగరం ఊపిరి పీల్చుకుంటే బిల్లు పల్లె కట్టింది.

షౌగాంగ్ ఉక్కు కర్మాగారం సంగతీ అంతే. బీజింగ్ పడమటి వైపు దశాబ్దాల పాటు పొగ చిమ్మిన ఆ ఫ్యాక్టరీ 2010 చివరికల్లా అక్కడి కొలుములు ఆర్పేసి, హెబెయ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న కావోఫెయ్‌దియాన్‌కు వెళ్లిపోయింది. 2022 వింటర్ ఒలింపిక్స్‌లో స్కీయింగ్ వాళ్లు గాల్లోకి ఎగురుతుంటే వెనకాల పెద్ద పెద్ద కూలింగ్ టవర్లు కనిపించాయి గుర్తుందా? ఆ స్థలమే.

ఇక మీరు అడిగిన ట్రాఫిక్. దీనికి యాంజియావో అనే ఊరు చూడాలి. బీజింగ్ నడిబొడ్డు నుంచి తూర్పుగా 30 కిలోమీటర్లు, నది దాటితే వస్తుంది, కానీ కాగితాల మీద అది హెబెయ్. బీజింగ్‌లో ఇల్లు కొనలేని ఉద్యోగులు లక్షల్లో అక్కడ ఫ్లాట్లు కొనుక్కున్నారు. ఉద్యోగాలు మాత్రం బీజింగ్‌లోనే ఉండిపోయాయి. ఇంకేముంది, తెల్లారకముందే బస్సు కోసం బారులు. కొడుకో కోడలో ఇంకాసేపు నిద్రపోతారని ఇంట్లో పెద్దవాళ్లు ముందే వచ్చి వాళ్ల బదులు క్యూలో నిలబడటం అక్కడి పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చింది. ఇక్కడ బీజింగ్ జనాభా లెక్కలో మనుషులు తగ్గారు, కానీ వాళ్లందరూ పొద్దున్నే బీజింగ్ రోడ్ల మీదే ఉన్నారు. ఒక్క ఇళ్లను మాత్రమే బయటికి నెడితే జరిగేది ఇదే, ఇరుకు తగ్గదు, దాని పొడవు పెరుగుతుంది.

ఇది వాళ్లకూ అర్థమైంది. అందుకే ఇళ్ల సంగతి పక్కనపెట్టి పనులను కదపడం మొదలుపెట్టారు. బీజింగ్ జూ పక్కన ఉండే వేల దుకాణాల హోల్‌సేల్ బట్టల మార్కెట్‌ను 2017లో మూసేసి వ్యాపారులను హెబెయ్, తియాంజిన్‌లకు పొమ్మన్నారు. 2019 జనవరిలో నగర ప్రభుత్వ ఆఫీసులే పాత ఊరు వదిలి తూర్పు అంచున ఉన్న తోంగ్‌జౌకు వెళ్లాయి. 2017లోనే, దక్షిణంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో షియోంగాన్ అనే కొత్త నగరాన్ని ప్రకటించారు, రాజధానికి అక్కర్లేని యూనివర్సిటీలు, ఆసుపత్రులు, ప్రభుత్వ కంపెనీల ఆఫీసులు అక్కడికి వెళ్లాలని. జనాభా 2.3 కోట్లు దాటకూడదని గీత గీశారు, 2020 లెక్కల్లో 2.19 కోట్ల దగ్గర ఆగింది. ఆగిందా ఆపారా అంటే, రెండూ. అద్దె గదుల్లో ఉండే వలస కూలీలను 2017 చలికాలంలో ఒక అగ్నిప్రమాదం తర్వాత రోజుల వ్యవధిలో ఖాళీ చేయించిన తీరు చూసి అక్కడి చదువుకున్న జనమే గోల పెట్టారు. మనం కాపీ కొట్టాల్సిన పద్ధతి అది కాదు.

కొత్త ఊళ్లకు వెళ్లడానికి జనం ఎందుకు వెనకాడతారో కూడా చెప్పాలి. మన రేషన్ కార్డూ స్థానికతా కలిపినట్టుండే ‘హుకోవ్’ అక్కడ పిల్లల చదువును తేలుస్తుంది. మంచి యూనివర్సిటీల్లో బీజింగ్ పిల్లలకు దొరికే సీట్ల వాటా హెబెయ్ పిల్లలకు కలలో కూడా దొరకదు. చేతిలో ఉన్న బీజింగ్ హుకోవ్ వదులుకుని హెబెయ్‌కు ఎవరు వెళ్తారు చెప్పండి?

ప్రశ్న: మాది తెనాలి. విజయవాడ, గుంటూరు, అమరావతి, మంగళగిరి అన్నీ కలిసి ఒకే పెద్ద ప్రాంతం అవుతాయంటున్నారు. అప్పుడు మాలాంటి చిన్న ఊరు బాగుపడుతుందా, ఉన్నదీ పోతుందా? ఇప్పటికే కాస్త పెద్ద జబ్బైతే గుంటూరు కొత్తపేట పరిగెత్తుతున్నాం. - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ భయం ఉత్తది కాదమ్మా. మర్రిచెట్టు కింద మొక్క మొలవదంటారు కదా. బీజింగ్ పక్కనే ఉండి కూడా హెబెయ్‌లోని కొన్ని జిల్లాలు ఎంత పేదగా ఉండేవంటే, 2005లో ఆసియా అభివృద్ధి బ్యాంకు నివేదిక వాటిని బీజింగ్, తియాంజిన్‌ల చుట్టూ ఉన్న పేదరికపు పట్టీ అనేసింది. బీజింగ్‌కు తాగునీళ్లిచ్చే కొండ ప్రాంతాల్లో ఫ్యాక్టరీలు పెట్టనివ్వలేదు, నీళ్లు ఎక్కువ తాగే పైర్లు వేయనివ్వలేదు.

వేగంగా వెళ్లే రైలు వేస్తే అంతా సర్దుకుంటుందని కూడా అనుకోకండి. బీజింగ్-తియాంజిన్ మధ్య సుమారు 120 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్-వరంగల్ కంటే తక్కువ, 2008 నుంచి అరగంటలో వెళ్లిపోతున్నారు. కానీ రైలు రెండు వైపులా నడుస్తుంది. షాపింగ్‌కీ వైద్యానికీ పెద్ద ఊరికి పోవడం కూడా అంతే తేలికవుతుంది.

మీ వైపు ఒక అనుకూలత ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మీ దగ్గర ఉన్నది ఒకే ఒక్క మర్రిచెట్టు కాదు. విజయవాడకు రైల్వే జంక్షన్, ఆటోనగర్. గుంటూరుకు మిర్చి యార్డు, ఆసుపత్రులు. అమరావతికి సచివాలయం, హైకోర్టు. నెదర్లాండ్స్‌లో ఇలాంటిదే ఉంది: ఓడరేవు రాటర్‌డామ్‌లో, ప్రభుత్వం హేగ్‌లో, బ్యాంకులు ఆమ్‌స్టర్‌డామ్‌లో, రైళ్లన్నీ కలిసేది ఉట్రెక్ట్‌లో. నగర హద్దుల్లో చూస్తే వాటిలో ఒక్కటీ పది లక్షల జనాభా దాటలేదు. ఎవరి పని వాళ్లకుంది కాబట్టి పొద్దున రైళ్లు అన్ని వైపులకూ నిండుగా వెళ్తాయి, ఒకే ఊరి మీదికి ఎగబడవు.

కాబట్టి మీ నాయకులను రింగ్ రోడ్డు ఎప్పుడని కాదు, తెనాలి ఆసుపత్రికి ఏ స్పెషలిస్టులు వస్తారు, తెనాలికి ఏ పని ఇస్తారు అని అడగండి. పెద్ద ఊరికి వెళ్లిరావడానికి రైలు సీజన్ పాస్ ఇస్తాం అంటే ఒప్పుకోవద్దు, అది మీకు ఎలాగూ ఉంది.

ప్రశ్న: మా అబ్బాయి ట్రిపుల్ ఆర్ (హైదరాబాద్ రీజినల్ రింగ్ రోడ్డు) వైపు ప్లాట్ కొందామని టెన్షన్ పెడుతున్నాడు. నగరం అటే పెరుగుతుందట. కొనమంటారా? - రిటైర్డ్ ఉద్యోగి, ఉప్పల్

జవాబు: రియల్ ఎస్టేట్ సలహాలు ఇచ్చి ఇప్పటికే ఇద్దరు బంధువులతో మాటలు లేవు నాకు. ఒకటి మాత్రం చెప్తాను. ఇప్పుడున్న ఔటర్ 158 కిలోమీటర్లు, ఆ బయటి రోడ్డు సుమారు 340. అంత పెద్ద వలయంలో ఎక్కడ కొన్నా ‘నగరం వస్తుంది’ అనే అంటారు. యాంజియావోలోనూ అలాగే అన్నారు, 2017 దాకా రేట్లు ఆకాశానికెక్కాయి, తర్వాత ఆంక్షలు పెట్టగానే దబ్బున పడ్డాయి. ఒక సోమవారం పొద్దున మీ అబ్బాయిని ఆ ప్లాట్ దగ్గర నుంచి తన ఆఫీసుకు ఏడున్నరకు బయల్దేరి చూడమనండి. సాయంత్రం తిరిగొచ్చాక కూడా కొందామంటే, అప్పుడు పేపర్లు ఒక లాయరుకు చూపించండి.