వాన వినడం గురించి అమ్మాయికి

విజయవాడ,
శ్రావణ మాసం.

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న అందింది, రెండుసార్లు చదివాను. నాలుగు నెలలుగా సరిగా నిద్ర పట్టడం లేదనీ, బెంజి సర్కిల్ దగ్గరి మీ ఇంట్లో అర్ధరాత్రి దాటినా లారీల మోత ఆగదనీ, అందుకని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో వాన చప్పుడు తెల్లవార్లూ వింటున్నావనీ, ఇప్పుడు అది లేకపోతే కన్ను మూతపడడం లేదనీ రాశావు. ప్రకృతి ధ్వనులూ సంగీతమూ మనసుకు మేలు చేస్తాయని అందరూ చెబుతారు కదా, మరి నాకెందుకు చేయడం లేదు పెదనాన్నా అని చివర్లో అడిగావు. చేస్తాయమ్మా. నా జీవితంలో చేశాయి కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను. అయితే నువ్వు ఇప్పుడు చేస్తున్నది వినడం కాదు, ఒక చప్పుడు మీద ఇంకొక చప్పుడు కప్పడం. ఈ రెంటికీ ఉన్న తేడా నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది, నీకు అంతకాలం పట్టకూడదని ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఇయర్‌ఫోన్లు తీసెయ్యి. బయటి మోతను మించేలా లోపలి వానను పెంచుకుంటూ పోతే చెవికి అది వాన అయినా ఒకటే, మర అయినా ఒకటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వారానికి 40 గంటలు వినదలిస్తే ధ్వని 80 డెసిబెళ్ళకు మించకూడదు, అదే 90 డెసిబెళ్ళయితే వారానికి 4 గంటలే. రాత్రికి ఏడెనిమిది గంటల చొప్పున వింటున్న నువ్వు ఈ లెక్కను ఒకసారి వేసుకుని చూడు. తప్పనిసరిగా వాన చప్పుడు కావాలనిపిస్తే చిన్న స్పీకరును మంచానికి దూరంగా, గదికి ఆ మూలన పెట్టి, వినీవినపడనంత సన్నగా, అరగంట తర్వాత దానంతట అదే ఆగిపోయేలా పెట్టుకో. మంచాన్ని రోడ్డు వైపు కిటికీ దగ్గర నుంచి లోపలి గదిలోకి మార్చు, మందపాటి తెర కట్టు. మన దేశపు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు శబ్దం 45 డెసిబెళ్ళకు మించకూడదని ఉంది. మీ వీధిలో అది నెరవేరే దాకా నువ్వు ఎదురుచూడలేవు కాబట్టి మంచం జరుపుకోవడమే ముందు చేయగలిగిన పని.

నా సంగతి నీకు పూర్తిగా తెలియదు. గవర్నరుపేటలో ఒక అచ్చాఫీసులో ముప్ఫై ఏళ్ళకు పైగా ప్రూఫులు దిద్దాను. నేను కూర్చునే బల్లకు పది అడుగుల దూరంలో సిలిండర్ యంత్రం, దాని పక్కన రెండు చిన్న ట్రెడిల్ అచ్చు యంత్రాలు రోజంతా ఆడుతూ ఉండేవి. యాభై ఏళ్ళు వచ్చేసరికి నా కుడి చెవిలో సన్నని హోరు మొదలైంది, ఇంటికి వచ్చి పడుకున్నా అది ఆగేది కాదు. డాక్టరు పరీక్షించి, హోరు పూర్తిగా పోదని, దాన్ని పట్టించుకోకుండా ఉండడం మెదడుకు నేర్పవచ్చని, పూర్తి నిశ్శబ్దంలో అది ఎక్కువగా తెలుస్తుంది కాబట్టి గదిలో ఏదో ఒక మెత్తని ధ్వని ఉంచుకోమని చెప్పారు. నేనూ అప్పుడు నీలాగే పొరపాటు పడ్డాను. రేడియో పెద్దగా పెట్టి హోరును ముంచేద్దామనుకున్నాను. రాత్రంతా రేడియో, పొద్దున్నే తలనొప్పి, దాని పైన హోరు.

నన్ను దారిలో పెట్టినవారు మా వీధి చివర ఉండే వయొలిన్ మాస్టారు. ఆయన నన్ను పాట వినమనలేదు, తంబురా ముందు కూర్చోబెట్టారు. తంబురాకు నాలుగు తీగలు, పంచమం (ప) ఒకటి, సారణులనే మధ్యస్థాయి షడ్జమాలు (స) రెండు, చివర మంద్ర షడ్జమం, అంటే కింది స్థాయి స. ఆయన తీగలు మీటుతూ, నాలుగింటినీ వినకుండా ఆఖరి తీగ ఒక్కదానినే పట్టుకొని అది పుట్టిన దగ్గర నుంచి పూర్తిగా సన్నగిల్లే దాకా వెంట వెళ్ళమన్నారు. మొదటి రోజు మూడుసార్లు కూడా వెళ్ళలేకపోయాను, మనసు అచ్చాఫీసుకీ అప్పుల లెక్కలకీ పోయింది. పోయినందుకు బాధపడవద్దని, పోయిందని తెలిసిన క్షణాన తిరిగి తీగ దగ్గరికి వస్తే చాలని చెప్పారు. ఆరు వారాలు గడిచాక ఒక సాయంత్రం, ఎవరూ మీటని గాంధార స్వరం (గ) ఆ మంద్ర షడ్జమంలోంచి సన్నగా పలకడం విన్నాను. శ్రుతి బాగా కలిసిన తంబురాలో అది పలుకుతుందని సంగీతం తెలిసినవారందరికీ తెలుసు. అది మొదటి రోజున కూడా అక్కడే ఉంది, నాకు వినపడలేదు, అంతే. ఆ సాయంత్రం ఇంటికి నడిచివస్తూ చాలాసేపు చెవిలో హోరు సంగతే మరచిపోయానని ఇంటి మెట్లెక్కుతున్నప్పుడు గుర్తుకొచ్చింది.

ప్రూఫులు దిద్దేవాడికి ఇది కొత్త విద్య కాదని తర్వాత అర్థమైంది. కథలో పడి చదివితే తప్పులు దొరకవు, అర్థాన్ని పక్కన పెట్టి ఒత్తునూ గుడినీ సున్నానూ ఒక్కొక్కటిగా చూసినప్పుడే దొరుకుతాయి. వినడమూ అంతే. లారీ హారన్ విని 'వీడికి బుద్ధి లేదు' అనుకున్నావంటే కథలో పడ్డావన్నమాట. అది ఎంత హెచ్చు స్థాయిలో మొదలైంది, ఎటు నుంచి ఎటు పోయింది, ఎక్కడ ఆగింది అని విన్నావంటే అక్షరాన్ని చూసినట్లు.

ఇక వాన గురించి. మొన్న ఆదివారం రాత్రి మన ఊళ్ళో గంటకు పైగా కురిసింది. ఆ రాత్రి నువ్వు కిటికీలు బిగించుకుని, ఏ దేశంలోనో రికార్డు చేసిన వానను చెవుల్లో పెట్టుకుని పడుకుని ఉంటావని తలచుకుంటే నాకు చాలా బాధ కలిగింది. ఈసారి వాన వచ్చినప్పుడు దీపం ఆర్పి బాల్కనీ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చో. వాన అంతా ఒకే చప్పుడని ముందు అనిపిస్తుంది. కాసేపటికి పక్కింటి రేకుల మీద పడే చినుకు వేరని, కింద అరటాకు మీద పడేది వేరని, డాబా మీద నిలిచిన నీళ్ళలో పడేది వేరని తెలుస్తుంది. తూములోంచి జారే నీరు సన్నని ధారగా మొదలై, నిండుగా పారి, వాన వెలిశాక చుక్కలుగా విడిపోతుంది. ఆ చుక్కల మధ్య ఎడం పెరుగుతూ పోవడాన్ని చివరి దాకా విను. నా అనుభవంలో నిద్ర వచ్చేది అక్కడే. వాన వెలిసిన పావుగంటకు ఖాళీ స్థలాల్లో కప్పలు అందుకుంటాయి, వాటి సందుల్లో కీచురాళ్ళు. ఫోనులోని వాన గంటల తరబడి ఒకే తీరుగా కురుస్తుంది, దానిలో వెంటవెళ్ళడానికి ఏమీ లేదు, అందుకే మనసు దాని కింద తన ఆలోచనలు తాను చేసుకుంటూనే ఉంటుంది.

అలాగని రికార్డు చేసిన ధ్వనులు పనికిరావని నేను అనను. ఇంగ్లండులోని బ్రైటన్ పరిశోధకులు 2017లో కొంతమందికి ప్రకృతి ధ్వనులనూ కృత్రిమ ధ్వనులనూ వినిపించి మెదడునూ గుండెనూ పరిశీలించారు. కృత్రిమ ధ్వనులు వింటున్నప్పుడు వారి అవధానం లోపలికి, ఆందోళనలో ఉన్నవారిలో కనిపించే తీరుగా తిరిగిందని, ప్రకృతి ధ్వనులు వింటున్నప్పుడు బయటికి మళ్ళిందని, మొదట ఎక్కువ ఒత్తిడిలో ఉన్నవారికే ఎక్కువ ఉపశమనం కలిగిందని తేల్చారు. అక్కడ వినిపించినవి రికార్డులే. 2021లో అనేక పరిశోధనలను కలిపి చూసిన మరొక పరిశీలనలో నీటి చప్పుడు మనసుకు ఉల్లాసం ఇవ్వడంలోనూ, పక్షుల కూతలు ఒత్తిడినీ చికాకునూ తగ్గించడంలోనూ ముందున్నాయని తేలింది. ఈ ఊరివాళ్ళకు ఆ రెండూ నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాయి.

పక్షులకు పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర మధ్య వేళ మంచిది, అప్పటికి బళ్ళ రద్దీ ఇంకా మొదలుకాదు. మేడ మీదికి వెళ్ళి కళ్ళు మూసుకుని పది నిమిషాలు కూర్చో. పికిలిపిట్ట, గోరింక, రామచిలుకలు ఎక్కడైనా ఉంటాయి. చెట్లు గుబురుగా ఉన్నచోట జెముడుకాకి 'ఊప్ ఊప్' మని కుండలోంచి పలికినట్లు పలుకుతుంది. ఇప్పుడు కోయిల తగ్గుముఖం పట్టింది, మళ్ళీ మాఘ ఫాల్గుణాలకు అందుకుంటుంది. ఎండలు ముదిరే రోజుల్లో కంసాలి పిట్ట రాగి మీద చిన్న సుత్తితో కొట్టినట్లు ఒకే లయలో 'టుక్ టుక్' మంటుంది, ఆ దెబ్బలను లెక్కపెట్టడం నేను ఎరిగిన ధ్యానాలన్నింటిలో తేలికైనది. పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు. ఎన్ని రకాల గొంతులు ఉన్నాయో, ఏది దగ్గర, ఏది దూరం, ఇంత మాత్రం గమనించు. చలికాలంలో ఒకరోజు సెలవు పెట్టుకుని గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుకు పోదాం. గూడబాతులూ కొంగలూ వందల సంఖ్యలో గూళ్ళు కట్టుకుని ఉంటాయి, పిల్లలు మేతకోసం చేసే గోల దూరానికే వినిపిస్తుంది. అది ప్రశాంతంగా ఉండదని ముందే చెబుతున్నాను, అయినా అక్కడి నుంచి వచ్చినప్పుడల్లా నాకు మనసు తేలికపడింది.

నీటి సంగతికొస్తే, 1957లో పూర్తయిన మన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. పై నుంచి వరద వచ్చి వాటిని ఎత్తినప్పుడు దిగువన కట్ట మీద దూరంగా నిలబడి వింటే ఆ ఘోష ఒంట్లో కూడా తెలుస్తుంది. వరద హెచ్చరిక ఉన్న రోజుల్లో ఘాట్ల మెట్లు మాత్రం ఎంతమాత్రం దిగవద్దు. మిగతా కాలాల్లో నది దాదాపు మాట్లాడదు, మెట్లకు తాకే చిన్న అలల చప్పుడు తప్ప. నీకు ఇప్పుడు ఆ రెండోదే కావాలి.

సంగీతం విషయంలో నాకు కొన్ని గట్టి అభిప్రాయాలు ఉన్నాయి. రాత్రిపూట మాటలున్న పాట వద్దు. మాట వినపడగానే మనసు అర్థం వెంట, అక్కడి నుంచి జ్ఞాపకం వెంట పోతుంది. వీణో వయొలినో వేణువో, అందులోనూ తాళం లేని ఆలాపన పెట్టుకో. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్, ఈమని శంకరశాస్త్రిగారి వీణ, వారి శిష్యులు చిట్టిబాబుగారి వీణ దొరుకుతాయి. చిట్టిబాబుగారు వీణ మీద కోయిల గొంతు పలికించినవారు. కోయిల పంచమంలో కూస్తుందని, షడ్జమం నెమలిదని, నిషాదం ఏనుగుదని మన పెద్దలు చెప్పుకున్నారు. స్వరాలను పక్షుల దగ్గరా జంతువుల దగ్గరా వెతికిన సంప్రదాయం మనది, అందువల్ల ప్రకృతి ధ్వని వేరు, సంగీతం వేరు అని నేను ఎప్పుడూ అనుకోలేదు. జోలపాటలకు వాడుకలో ఉన్న నీలాంబరి రాగం నిద్రవేళకు నప్పుతుంది. తెల్లవారుజామున మాత్రం సాహిత్యం వినవచ్చు, అప్పుడు మాట మనసును నిలబెడుతుంది. 1948 డిసెంబరులో మొదలైన మన ఊరి ఆకాశవాణి కేంద్రం ప్రసారం చేసిన భక్తిరంజనితోనే మా తరం నిద్ర లేచింది. ఆ కార్యక్రమాన్ని తీర్చిదిద్దినవారిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ముఖ్యులు.

రోజూ చేయవలసింది చెబుతాను. పడుకునే ముందు పావుగంట ఆలాపన సన్నగా పెట్టుకుని, ఫోను బోర్లించి, ఒకే తంత్రి నాదం వెంట వెళ్ళు. అది ఆగాక వెంటనే ఇంకొకటి పెట్టకుండా రెండు నిమిషాలు ఏమీ వినకుండా కూర్చో. ఇది చాలామంది వదిలేస్తారు. ఇటలీకి చెందిన బెర్నార్డి బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో, సంగీతం మధ్య వచ్చిన రెండు నిమిషాల నిశ్శబ్దంలోనే గుండె వేగమూ రక్తపోటూ సంగీతం మొదలుకాక ముందున్న స్థాయికన్నా కిందికి దిగాయి. అంటే పాట చేసిన మేలు పాట ఆగాక అందుతోంది. ఆ తర్వాత నోరు మూసి, గొంతులో తుమ్మెదలా సన్నగా నాదం పలుకుతూ నెమ్మదిగా ఊపిరి విడిచిపెట్టు, నిమిషానికి ఆరు ఊపిరుల లెక్కన అయిదు నిమిషాలు. క్రైస్తవుల జపమాల ప్రార్థనా, యోగమంత్రమూ రెండూ ఊపిరిని ఆ వేగానికే తీసుకువస్తాయని అదే బెర్నార్డిగారి బృందం 2001లో చూపింది. పెదవుల మీద, ముక్కు దూలంలో ఆ కంపనం తెలుస్తుంది, మనసును అక్కడ ఉంచు.

మొదటి వారం రోజులు ఇయర్‌ఫోన్లు లేక నిద్ర ఇంకా చెడవచ్చు. భయపడకు. ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి గుమ్మం దగ్గర కూర్చుని వీధిని విను. లారీలు కూడా వస్తాయి. వచ్చిన దానిని వచ్చినట్లు విని పోనివ్వు.

ఒక్క మాట కచ్చితంగా చెప్పాలి. వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా మూడు నెలలు నిద్ర పట్టకపోతే దాన్ని వైద్యులు దీర్ఘకాలపు నిద్రలేమిగా పరిగణిస్తారు, నీది నాలుగు నెలలు దాటింది. నిద్రకు సంబంధించిన అలవాట్లనూ ఆలోచనలనూ మార్చే చికిత్స ఉంది, మాత్రలకన్నా ముందు దానినే ప్రయత్నిస్తారు. డాక్టరును కలువు. చెవిలో హోరు గానీ, వినికిడి మందగించడం గానీ కనబడితే చెవి డాక్టరును ఆలస్యం చేయకుండా కలువు, నేను చేసిన ఆలస్యం నువ్వు చేయకూడదు. నేను చెప్పిన ఈ వినే సాధన ఆ చికిత్సకు తోడుగా ఉంటుందే తప్ప దానికి బదులు కాదు.

వచ్చే ఆదివారం పొద్దున ఐదింటికల్లా మా ఇంటికి రా. మీ పెద్దమ్మ కాఫీ కలిపి ఉంచుతుంది. వరద తగ్గి ఉంటే నది అవతల సీతానగరం వైపు వెళ్ళి మెట్ల పైభాగాన కూర్చుందాం, లేకపోతే మా మేడ మీదే. ఫోను ఇంట్లో వదిలి, గొడుగు తెచ్చుకో.

ఆశీస్సులతో,
పెదనాన్న