పెళ్లి క్యాసెట్లను డీవీడీలుగా మార్చే పనిని నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ సీఈసీ పూర్తిచేశాడు. మా తమ్ముడికి తెనాలిలో ఫొటో స్టూడియో ఉంది. పాత పెళ్లి క్యాసెట్లు, ఫోన్‌లో తీసిన క్లిప్పులు డీవీడీలు చేసిమ్మని చాలామంది అడుగుతున్నారట. డిగ్రీ వద్దు, మామయ్య దగ్గర ఆ పనే చేస్తానంటున్నాడు. ఇందులో భవిష్యత్తు ఉందా? ఉంటే ఏమేం నేర్చుకోవాలి? - ఒక తల్లి

జవాబు: డిగ్రీ మాన్పించకండి అమ్మా, పని కూడా మాన్పించకండి. పెళ్లి క్యాసెట్లను (వీహెచ్‌ఎస్) ఆడించే వీసీఆర్లను చివరిదాకా తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆ పని ఆపేసింది. ఇప్పుడున్నవి పాత యంత్రాలే, వాటిలో టేపును చదివే హెడ్లు అరిగిపోతూనే ఉంటాయి. క్యాసెట్ల మీద ఫంగస్ కూడా ఆగదు. కాబట్టి క్యాసెట్ల పని ఒక్కటే జీవితాంతం అన్నం పెట్టదు. అయితే ఈ పనిలో అబ్బే సిగ్నల్ జ్ఞానం, కోడెక్ (వీడియోను కుదించి దాచే పద్ధతి), బిట్‌రేట్ (ఒక్కో సెకను వీడియోకు కేటాయించే డేటా) లెక్కలు రేపు ఎడిటింగ్‌లోనూ, ఆర్కైవ్‌లలోనూ అతనికి పనికొస్తాయి. ఉదయం బీకామ్ కంప్యూటర్స్, సాయంత్రం స్టూడియో అన్న ఏర్పాటు అతనికి సరిపోతుంది.

డీవీడీ రాయడమే పని అని చాలామంది అనుకుంటారు. అది తేలికైన భాగం. క్యాసెట్‌లోని బొమ్మను చెడకుండా కంప్యూటర్‌లోకి తేవడంలోనే పనితనం ఉంది. కొన్ని క్యాసెట్లు ఒక్కసారే సరిగా ఆడతాయి, రెండో అవకాశం ఉండదు.

క్యాసెట్ చేతికి రాగానే దాని మీది అద్దం కిటికీలోంచీ, ముందు మూత ఎత్తీ టేపు అంచులు చూడాలి. తెల్లని పొడో, బూజు పోగులో కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టకూడదు. కోస్తా ఊళ్ల తేమకు ఇది మామూలే. బూజు పట్టిన టేపు హెడ్లను మూసేస్తుంది, తర్వాత ఆడే క్యాసెట్లకూ అంటుతుంది. బాగున్న క్యాసెట్‌ను కూడా ముందు చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చాకే ఆడించాలి. ఏళ్ల తరబడి కదలని టేపు బిగువు అప్పుడు సమానమవుతుంది. హెడ్లు తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు రాని మెత్తటి తోలుముక్క వాడాలి. తోలును హెడ్లు బిగించి ఉన్న గుండ్రటి డ్రమ్‌కు కదలకుండా ఆనించి, డ్రమ్‌ను చేత్తో తిప్పాలి. తోలును పైకీ కిందికీ రుద్దితే హెడ్ కొన విరుగుతుంది. దూదిపుల్లల జోలికి పోవద్దు, వాటి పోగులు హెడ్లకు చిక్కుకుంటాయి.

మార్కెట్లో దొరికే చవక యూఎస్‌బీ క్యాప్చర్ (టేపు బొమ్మను కంప్యూటర్‌లోకి పట్టే) పరికరాలతోనే మీ అబ్బాయికి మొదటి చిక్కు వస్తుంది. పాత టేపు సిగ్నల్ నిలకడగా ఉండదు. అది తడబడినప్పుడల్లా పరికరం ఫ్రేములు వదిలేస్తుంది, శబ్దం మాత్రం సాగిపోతుంది. గంట గడిచేసరికి పెదవులకూ మాటలకూ పొంతన ఉండదు. దీనికి మందు టైమ్ బేస్ కరెక్టర్, అంటే సిగ్నల్ తడబాటును సరిచేసే పరికరం. దాని ఖరీదు ఎక్కువ కాబట్టి, చాలామంది వీసీఆర్ సిగ్నల్‌ను ఒక పాత డీవీడీ రికార్డర్ గుండా పంపి కంప్యూటర్‌కు ఇస్తారు. కొన్ని మోడళ్లు సిగ్నల్‌ను బాగానే కుదుట పరుస్తాయి.

మన పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) క్యాసెట్లను 720×576 సైజులో, సెకనుకు 25 ఫ్రేములతో, ఇంటర్‌లేస్డ్‌గానే, అంటే ఒక్కో ఫ్రేమును సరి గీతలు, బేసి గీతలు అనే రెండు ఫీల్డులుగానే పట్టాలి. హఫ్‌వైయూవీ లాంటి నష్టం లేని కోడెక్ వాడితే గంటకు సుమారు 30 జీబీ అవుతుంది. ఎక్కువనిపించినా మాస్టర్ ఫైలు దానిలోనే ఉండాలి. అదే క్యామ్‌కార్డర్‌లో వాడే చిన్న డిజిటల్ క్యాసెట్ మినీడీవీ అయితే, క్యామ్‌కార్డర్‌ను కంప్యూటర్‌కు కలిపే ఫైర్‌వైర్ కేబుల్ వాడాలి. టేపు మీది డిజిటల్ సమాచారమే గంటకు 13 జీబీ చొప్పున ఉన్నదున్నట్టు వస్తుంది. క్యామ్‌కార్డర్ మీద యూఎస్‌బీ రంధ్రం కనబడిందని దాన్ని వాడొద్దు, చాలా మోడళ్లలో అది ఫొటోల కోసమో, నాసిరకం వీడియో కోసమో పెట్టినది.

ఫీల్డ్ ఆర్డర్, అంటే ఏ ఫీల్డ్ ముందు రావాలన్న సంగతి ప్రత్యేకంగా నేర్చుకోవాలి. మినీడీవీలో కింది ఫీల్డ్ ముందు వస్తుంది. అనలాగ్ క్యాప్చర్‌లో ఎక్కువగా పై ఫీల్డ్ ముందు. ఇది తారుమారైతే కదలని బొమ్మలో ఏ తేడా తెలియదు. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి చేతులు ముందుకూ వెనక్కూ అదురుతాయి. అందుకే వీడియోను బాగా కదలిక ఉన్న చోట, అదీ టీవీ మీద పరీక్షించాలి. డీవీడీ కోసం డీఇంటర్‌లేస్ (ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చడం) చేయనక్కర్లేదు. ఫోన్‌లో చూసే కాపీకి మాత్రం చేసి, సెకనుకు 50 ఫ్రేములుగా ఇస్తే కదలిక నునుపుగా ఉంటుంది.

ఫోన్ క్లిప్పుల తంటా వేరు. వాటి ఫ్రేమ్‌రేటు ఒక్కతీరుగా ఉండదు, వెలుతురును బట్టి మారుతుంది. అలాగే డీవీడీ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే శబ్దం జారుతుంది. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేమ్‌రేటుకు మార్చాలి. 30 ఫ్రేముల క్లిప్పులను 25కు దించితే కదలిక కుదుపుగా ఉంటుంది. ఆ డిస్కును 720×480, 29.97 ఫ్రేముల ఎన్‌టీఎస్‌సీగా (అమెరికా టీవీ పద్ధతి) చేయడమే నయం, మన ప్లేయర్లలో చాలావరకు రెండు పద్ధతులూ ఆడతాయి. ఒకే డిస్కులో రెండూ కలపకూడదు. నిలువుగా తీసిన క్లిప్పును సాగదీయకుండా పక్కల నలుపు వదిలేయాలి.

ఇక డిస్కు లెక్క. 4.7 జీబీ డిస్కును విండోస్ 4.38 జీబీగా చూపిస్తుంది. గంట వీడియోకు సెకనుకు 8 మెగాబిట్ల బిట్‌రేట్ పెట్టొచ్చు, రెండు గంటలకు సుమారు 4.8. ప్రమాణం ప్రకారం వీడియోకు 9.8 దాకా అనుమతి ఉన్నా, రాసిన డిస్కుల్లో అంత పెడితే పాత ప్లేయర్లు ఆగి ఆగి ఆడతాయి. మూడు గంటల పెళ్లిని ఒకే డిస్కులో కుక్కితే హోమం పొగ, పట్టుచీరల జరీ గళ్లుగళ్లుగా మారతాయి. అప్పగింతలకు ముందో, భోజనాల దగ్గరో విడదీసి రెండు డిస్కులు ఇవ్వాలి.

ఎంపీ4 ఫైళ్లను విండోస్‌లో లాగి పడేసి రాస్తే అది డేటా డిస్కు అవుతుంది, పాత ప్లేయర్ దాన్ని గుర్తించదు. డీవీడీస్టైలర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మెనూ, చాప్టర్లు కట్టి, డీవీడీ ప్లేయర్ చదివే ఎంపెగ్-2 వీడియోతో వీడియో_టీఎస్ ఫోల్డర్ తయారుచేయాలి. తర్వాత డిస్కు రాసే సాఫ్ట్‌వేర్ ఇమ్‌గ్‌బర్న్‌తో 8ఎక్స్ వేగంలో రాసి, రాసింది సరిచూసే వెరిఫై టిక్ తప్పకుండా పెట్టాలి. డిస్కు మీద కాగితం స్టిక్కర్ అంటిస్తే తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు లాగుతుంది. డిస్కు మార్కర్‌తో పేరు రాస్తే చాలు. కొత్త ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ ఉండటం లేదు కాబట్టి ఎంపీ4 కాపీని పెన్‌డ్రైవ్‌లో కూడా ఇవ్వాలి.

చదువు సంగతికి వస్తే, హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ ఉంది. దానికి అర్హత ఇంటర్. బీకామ్ చదివితే, తర్వాత పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ) టెలివిజన్ విభాగంలో వీడియో ఎడిటింగ్ కోర్సుకు వెళ్లొచ్చు, దానికి డిగ్రీ కావాలి. డిగ్రీ మానొద్దనడానికి ఇదొక ముఖ్య కారణం. పాత సినిమాలను కాపాడే పని మీద మనసైతే ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వర్క్‌షాపుల ప్రకటనలు గమనిస్తుండాలి. 2019లో వాళ్లు హైదరాబాద్‌లోనూ ఒకటి నిర్వహించారు. లైబ్రరీ సైన్స్ చేసినవాళ్లకు కూడా డిజిటైజేషన్ ఒక దారి.

స్టూడియోలో రెండు గీతలు మొదటిరోజే గీయండి. ఎవరైనా సినిమా క్యాసెట్ తెచ్చి కాపీ చేయమంటే తీసుకోకూడదు, అది 1957 కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది. కస్టమర్ల ఇంటి వీడియోలోని ఒక్క ముక్క కూడా మచ్చుకని బయట పెట్టకూడదు.

ధర క్యాసెట్‌కు ఇంత అని కాకుండా గంటకు ఇంత అని చెప్పమనండి. ఈ-180 క్యాసెట్ మామూలుగా మూడు గంటలు. లాంగ్ ప్లేలో రికార్డు చేసి ఉంటే ఆరు గంటలు ఆడుతుంది, క్యాప్చర్‌కూ అంతే సమయం పడుతుంది. పని పుచ్చుకునే ముందు టేపును మొదట, నడుమ, చివర కొద్దికొద్దిగా ఆడించి, ఎక్కడెక్కడ బొమ్మ పోయిందో కస్టమర్‌కు చూపించి, రసీదు మీద రాయించుకోవాలి.