పుణేకు మొక్కలతో పోయే ముందు

అమ్మా సుధా,

జూన్ రెండో వారంలో పుణే పోతున్నామని, ఇంట్లోవీ మిద్దె మీదవీ కలిపి ఇరవై రెండు కుండీలూ తీసుకుపోతామని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఫోన్‌లో అన్నీ గుర్తు రావని రాస్తున్నాను.

ఇరవై రెండూ వద్దమ్మా. మీ పెదనాన్నకు కడప నుంచి నాగ్‌పూర్ బదిలీ అయినప్పుడు నేనూ నీలాగే ఒక్కటీ వదలనన్నాను. మే నెల. దారిలో ఎండిపోతాయేమోనని బయల్దేరే పొద్దున కుండీలన్నింటికీ నిండా నీళ్లు పోసి లారీ ఎక్కించాను. రెండు రోజుల్లో వస్తుందన్న లారీ ఐదో రోజు వచ్చింది. మట్టికుండీలు పగిలాయి. తడిమట్టి, చీకటి, వేడి కలిసి వేళ్లు కుళ్లిపోయాయి. మా అమ్మ ఇచ్చిన కనకాంబరం అందులోనే పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. కాబట్టి సామాన్ల లారీలో ఒక్క మొక్క కూడా పెట్టొద్దు. మీ కారులో పట్టినన్నే తీసుకో.

మనీ ప్లాంట్ కుండీ ఇక్కడే ఎవరికైనా ఇచ్చెయ్. కణుపులున్న తీగ ముక్కలు నాలుగు కత్తిరించి, తడి న్యూస్‌పేపర్ చుట్టి, కవర్లో పెట్టుకుంటే చాలు. పోగానే నీళ్ల సీసాలో వేస్తే వేళ్లు వస్తాయి. తులసికి ఎండిన వెన్నులు గుప్పెడు కాగితంలో మడుచుకో. కరివేపాకు చెట్టు పెద్దదైపోయింది, కదిలిస్తే బతకడం కష్టం. చెట్టు మొదట్లో వేళ్లతో వచ్చిన పిలక ఒకటి ఇప్పుడే వేరు చేసి చిన్న కుండీలో పెట్టు. నల్లగా పండిన కాయలు దొరికితే వెంటనే నాటాలి, ఎండిన గింజ మొలవదు. అరటి పిలక అన్నావు, అది మాత్రం వద్దు. అరటి వైరస్ తెగుళ్లు పిలకలతో పాకుతాయి. మొక్కల రోగాలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోకుండా 1914లోనే చట్టం చేశారంటే ఊరికే కాదు.

కలబంద, స్నేక్ ప్లాంట్, ఎడారి గులాబీ అసలు ఇబ్బంది పెట్టవు. మట్టి దులిపేసి, వేళ్లను నీడలో రెండు రోజులు ఆరబెట్టి, కాగితం చుట్టి అట్టపెట్టెలో పడుకోబెట్టు. వారం రోజులు మట్టి లేకపోయినా వాటికేమీ కాదు, బరువూ ఉండదు. అక్కడ వానలు మొదలయ్యాక మాత్రం ఎడారి గులాబీని బయట పెట్టకు. మన అనంతపురం కరువు నేలలో హాయిగా పెరిగింది అది, పుణే వానలకు దుంప కుళ్లిపోతుంది.

ఇక గుండుమల్లె. మీ అమ్మ పెట్టింది, దాన్ని వదలమని నేను చెప్పలేను. ఈ వారమే జానెడు ఎత్తుకు కత్తిరించెయ్. పూల కాలంలో కత్తెర పెట్టాలంటే చెయ్యి రాదు, నాకు తెలుసు. కానీ ఆకులు ఎక్కువుంటే కదిలించిన వేళ్లు వాటికి నీళ్లు అందించలేవు. మట్టికుండీలోంచి మట్టిగడ్డ చెదరకుండా తీసి ప్లాస్టిక్ కుండీలోకి మార్చు. అడుగున బొక్కలు ఉండాలి. పైన ఖాళీ ఉంటే కొబ్బరిపొట్టు నింపు, బరువు తగ్గుతుంది. మూడు వారాలు నీడలో ఉంచు, ఎరువు వెయ్యకు. కత్తిరించిన కొమ్మల్లో పెన్సిలంత లావువి ఐదారు వేరే నాటి, రెండు నాకు ఇచ్చిపో. అక్కడ తల్లిమొక్కకు ఏమైనా అయితే నా దగ్గర ఒకటి ఉంటుంది.

బయల్దేరే పది రోజుల ముందు ఆకుల అడుగున చూడు. పిండినల్లి తెల్లగా దూదిలా ఉంటుంది. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టు, వారానికి మళ్లీ ఒకసారి. ఒక్క కుండీలో పురుగున్నా కారులో అన్నింటికీ అంటుకుంటుంది.

నీళ్లు ప్రయాణానికి రెండు రోజుల ముందే ఆపెయ్. మట్టి వేలికి చల్లగా తగలాలి, తడి అంటకూడదు. తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరండి, బళ్లారి దాటేసరికి ఎండ ఎక్కదు. కుండీల మధ్య పాత చీరలు కుక్కితే ఒరగవు. ఏసీ గాలి నేరుగా ఆకుల మీదికి కొట్టనివ్వద్దు. హుబ్బళ్లిలో భోజనానికి దిగితే కారు నీడలోనే ఆపండి, అద్దాలు మూసి ఎండలో వదలొద్దు. అరగంటలో ఆకు ఉడికిపోతుంది. రాత్రి ఎక్కడైనా ఆగితే కుండీలు గదిలోకి తీసుకుపోండి.

అక్కడ దిగిన రోజే బయటికి తీసి బాల్కనీ నీడలో పెట్టు. పది పదిహేను రోజులు కుండీ మార్చకు, ఎరువు వెయ్యకు, మట్టి ఆరితేనే నీళ్లు పొయ్యి. ఆకులు రాలతాయి, టెన్షన్ పడకు. కాండం మీద గోటితో గీరితే లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. ఎండకు మెల్లగా అలవాటు చెయ్.

ఆదివారం పొద్దున్నే ఇంటికి వస్తాను, మల్లె కత్తిరించేది ఇద్దరం కలిసి చేద్దాం. పాత పేపర్లు, పురికొస నేను తెస్తాను. కత్తెర మాత్రం సాన పట్టించి ఉంచు.

నీ పెద్దమ్మ