పాత ఫోటోలో విమానం పేరు చివర్లో తేలాలి

సుధా,

తాతయ్య ఆల్బమ్‌లోంచి నువ్వు పంపిన ఫోటోలు చూశాను, ప్రతిదాని కిందా అప్పుడే ఒక పేరు రాసేశావు, ముందు ఆ పేర్లన్నీ తీసెయ్. పేరు ముందే అనేసుకుంటే కళ్లు దానికి సరిపోయేవే వెతుక్కుంటాయి, సరిపోనివి దాటేస్తాయి.

రెక్క పైనుందా కిందుందా, ఇంజన్లెన్ని, నిలువు తోక ఒకటా రెండా, మూడో చక్రం ముక్కు కిందా తోక కిందా, ఇవి కాగితం మీద రాసుకో. పేరు సంగతి ఆ తర్వాత.

బెంగళూరు జక్కూరు విమానాశ్రయంలో తీసిన ఫోటోకి పుష్పక్ అని రాశావు, అది మన దేశంలో చేసిన చిన్న విమానం. రెక్క పైన, కింద ఆసరాగా కమ్మీలు, తోక చక్రం, అన్నీ సరిపోయాయి, కానీ ఇవన్నీ పైపర్ కబ్ అనే చిన్న అమెరికన్ విమానానికి కూడా ఉంటాయి. పుష్పక్‌లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, కబ్‌లో ఒకరి వెనక ఒకరు. పైగా జే-3 అనే రకం కబ్ అయితే ఇంజన్ సిలిండర్లు ముక్కుకి రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అన్నిటికన్నా పెద్ద విషయం, పుష్పక్ మొదటిసారి ఎగిరింది 1958లో, నీ ఫోటో వెనక 1954 అని ఉంది. రెండిట్లో ఒకటి తప్పు. ఫోటోల వెనక ఏడాదులు చాలాసార్లు ఎప్పుడో తర్వాత గుర్తున్నంతవరకు రాసినవి కాబట్టి, నేనైతే ముందు సీట్లు చూస్తాను.

సైనిక విమానాల మీద దేశాన్ని తెలిపే గుండ్రటి గుర్తుల దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు, ఇది శ్రద్ధగా చదువు. నలుపు తెలుపు ఫోటోలో రంగు కనపడదు సరే, పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ అయితే ఎరుపు దాదాపు నల్లగా, నీలం వెలిసిపోయినట్టు తెల్లగా పడుతుంది. అందుకే బ్రిటిష్ గుర్తు చూసి ఇదేదో వేరే దేశానిదనుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో మన ప్రాంతంలో ఎగిరిన బ్రిటిష్ విమానాలకి జపాన్ వాళ్ల ఎర్ర చుక్కతో పొరపాటు పడకుండా ఎరుపే తీసేశారు, ముదురు నీలం మధ్యలో లేత నీలం మాత్రమే ఉండేది. అమెరికన్ నక్షత్రంలో ఎర్ర చుక్క ఉంటే 1942 మే కంటే ముందు వేసిన గుర్తు, పక్కన పట్టీలు ఉంటే 1943 మధ్య నుంచి. ఇప్పటి మన కాషాయం, తెలుపు, ఆకుపచ్చ గుర్తు 1950 నుంచి వచ్చింది, దానికి ముందు రెండేళ్లు అశోక చక్రం ఉండేది.

నాలుగింజన్లు, రెండు కోలగా ఉన్న నిలువు తోకలు, మన గుర్తు ఉన్న ఫోటో చూసి ఎవరో కలిపి అతికించారేమోనని అడిగావు. కాదమ్మా, అది లిబరేటర్ అనే అమెరికన్ బాంబర్. యుద్ధం అయ్యాక కాన్పూర్‌లో వదిలేసిన వాటిని బెంగళూరు విమానాల కంపెనీ హెచ్ఏఎల్ వాళ్లు బాగుచేసి నిలబెట్టారు, మన వైమానిక దళం 1968 దాకా నడిపింది. యుద్ధకాలంలో నీటి మీద దిగే కేటలీనా విమానాలు బెంగళూరు బెళ్లందూరు చెరువులో దిగేవి. కాబట్టి సముద్రానికి ఇంత దూరంగా ఉన్న ఊళ్లో చెరువు మీద విమానమేంటని ఆ ఫోటో పక్కన పెట్టేయకు.

ఇక నీ ఫోన్‌లో ఏఐతో పదును పెట్టడం ఆపెయ్, ప్లీజ్. అది లేని అక్షరాలు పుట్టిస్తుంది, తోక మీద నంబరు మారిపోతే మనం చేసిన పనంతా వృథా. 1200 డీపీఐలో ముందూ వెనకా స్కాన్ చెయ్, మన పౌర విమానాల నంబరు ముందుండే వీటీ అనే అక్షరాలు కుడిఎడమలు మారి కనిపిస్తే నెగటివ్ తిప్పి ప్రింట్ చేశారన్నమాట. హెచ్‌టీ-2 అనే హెచ్ఏఎల్ శిక్షణ విమానం అనుకున్న ఫోటో తీసుకుని బెంగళూరు పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో హెచ్ఏఎల్ మ్యూజియంకి వెళ్లి, అదే కోణంలో నిలబడి పోల్చు. చిప్‌మంక్ అనే మరో శిక్షణ విమానం ఫోటో కూడా ఒకటి పట్టుకెళ్లు, రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి.

జక్కూరు ఫోటోలో కాక్‌పిట్ భాగం పెద్దది చేసి ముందు అది పంపు.

పెదనాన్న