షుగర్ ఉన్న అమ్మమ్మతో కలిసి సున్నుండలు చేస్తున్నాం. పంచదార బదులు బెల్లం వేస్తే ఆవిడ తినొచ్చా?

బెల్లం వేసినంత మాత్రాన ఆ సున్నుండ షుగర్ ఉన్నవాళ్లకు పనికొచ్చేది అయిపోదు. రక్తంలో గ్లూకోజ్ పెంచడంలో బెల్లం, పంచదార దాదాపు ఒకటే.

బెల్లంలోనూ అధిక భాగం సుక్రోజే. పేగుల్లో అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోయి రక్తంలోకి చేరుతుంది. 10 గ్రాముల బెల్లం పడిన ఒక ఉండ తింటే సుమారు రెండు టీస్పూన్ల పంచదార తిన్నట్టే. బెల్లంలో కాస్త ఇనుము ఉండే మాట నిజమే, కానీ ఒక ఉండలో దొరికేది లెక్కలోకి రానంత తక్కువ.

'బెల్లం సహజమైనది, షుగర్ పెంచదు' అన్నదే అసలు అపోహ. ఆ ధైర్యంతోనే పెద్దవాళ్లు ఒకటికి మూడు తింటారు, నష్టం అక్కడే జరుగుతుంది.

రోజూ కలిసి చేసుకోవడానికైతే గుగ్గిళ్లు మేలు. చెన్నైలో ఉన్నవాళ్లకు మెరీనా బీచ్ సుండల్ తెలిసిందేగా, అలాంటిదే. శనగలు రాత్రంతా నానబెట్టి మెత్తగా ఉడికించండి. అమ్మమ్మ కూర్చుని కొబ్బరి తురుముతారు, మామిడికాయ ముక్కలు తరుగుతారు; పొయ్యి దగ్గర నిలబడి పోపు వేసే పని మీది. శనగల్లో పీచు, ప్రోటీన్ ఉండటం వల్ల గ్లూకోజ్ నెమ్మదిగా పెరుగుతుంది. అయినా చిన్న గిన్నెడు చాలు.

పళ్లు లేనివాళ్లకు మాత్రం గింజలుగా కాకుండా మెదిపి పెట్టండి. మింగడం కష్టంగా ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.